సరైన తేదీ

ఆదివారం ఉదయం పదిన్నరకి ల్యాబక్క తన బావగారి షాపులో కంప్యూటరు మూత విప్పి, లోపల చచ్చిపడున్న బ్యాటరీని చిన్న పట్టకారుతో మెల్లగా పైకి లాగింది. కోటు గుండీ అంత బ్యాటరీ. పదకొండేళ్ళ నుంచి అందులో ప్రాణం లేదు. అందుకే రోజూ పొద్దున్న మీట నొక్కగానే ఆ కంప్యూటరు మూడుసార్లు కీచుమని అరిచి, తను పుట్టిన ఏడాది జనవరి ఒకటో తారీఖుని తెర మీద చూపించి, ఏదో ఒక అక్షరం నొక్కమని అడిగేది. బావగారు నొక్కేవాడు. పళ్ళు తోముకున్నట్టు అదీ ఆయనకి అలవాటైపోయింది.

ల్యాబక్కకి మాత్రం ఆ తప్పు తేదీని చూస్తే ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. ఆవిడ పని రక్తపరీక్షల ల్యాబులో. గొట్టం మీద తేదీ తప్పుపడితే ఆ రక్తం ఎంతటి వాళ్ళదైనా పారబోయాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తున్న మనిషి, ఆ అలవాటు ఇంటికీ తెచ్చుకుంది, చుట్టాల షాపులకీ తెచ్చుకుంది. పైగా ఆవిడకి పాత కంప్యూటర్ల పిచ్చి. సెలవు దొరికితే చాలు, ఎవరో మూలన పడేసిన పెట్టెని తెచ్చి ప్రాణం పోసేదాకా నిద్రపోదు.

"దాన్నలా అరవనివ్వమ్మా, నాకదే మేలుకొలుపు," అన్నాడు బావగారు, బల్ల మీద తోలు పరిచి గీత గీసుకుంటూ.

"ఇంకెన్నాళ్ళు అరుస్తుంది బావగారూ, గొంతు పోతుంది. ఐదు నిమిషాల పని. రేపట్నుంచి మీకు హాయి."

కొత్త బ్యాటరీ పెట్టింది. మూత బిగించింది. చేతి గడియారం చూసుకుంటూ ఏడాది, నెల, తారీఖు, గంట, నిమిషం, అన్నీ సరిగ్గా కొట్టింది. కంప్యూటరు ఈసారి అరవలేదు. ల్యాబక్క గర్వంగా బావగారి వంక చూసింది. ఆయన నవ్వి, మెచ్చుకోలుగా తలాడించాడు.

తర్వాత బావగారు రోజూ వాడే పాదాల కొలతల ప్రోగ్రాం తెరిచింది. ఎప్పుడూ పేర్ల జాబితా వచ్చే చోట రెండే వాక్యాలు వచ్చాయి. "గడువు ముగిసినది. కొత్త సంఖ్య కొరకు మా కార్యాలయమునకు ఫోను చేయగలరు."

ల్యాబక్క గబగబా తేదీని మళ్ళీ పాత జనవరికి తిప్పింది. అవే రెండు వాక్యాలు. గడువు దాటిన రోజు ఒక్కసారి కంటపడితే చాలు, ఆ ప్రోగ్రాం తాళం వేసేసుకుంటుంది. ఆ తర్వాత తేదీని ఎంత వెనక్కి తిప్పినా నమ్మదు. పదకొండేళ్ళూ అది జనవరి ఒకటో తారీఖు దాటలేదు కాబట్టి గడువన్న మాటే దానికి గుర్తుకు రాలేదు.

"ఇదివరకు ఏటా ఓసారి అడిగేది," అన్నాడు బావగారు, వెనక నిలబడి. "ఫోను చేసేవాణ్ణి, వాళ్ళో అంకె చెప్పేవాళ్ళు. తర్వాత అడగడం మానేసింది. పాతదైపోయింది కదా పాపం, మర్చిపోయిందనుకున్నా."

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో ల్యాబక్కకి తెలియలేదు.

రెండు కాళ్ళూ సమంగా లేనివాళ్ళకి చెప్పులూ బూట్లూ కుట్టే షాపు అది. పాదం కొలతలు ప్రోగ్రాంలో ఎక్కిస్తే, గోడ పక్కనున్న యంత్రం చెక్కదిమ్మని అచ్చం ఆ పాదంలా చెక్కి ఇస్తుంది. ఆ చెక్కపాదం మీద బావగారు తోలు సాగదీసి బూటు కడతాడు. ఒకప్పుడు చెక్కపాదాలు కూడా ఆయనే చేత్తో చెక్కేవాడు. ఇప్పుడు వేళ్ళు పట్టు తప్పాయి. తోలు కాస్త సర్దుకుంటుంది గానీ చెక్క సర్దుకోదు. మూడొందల నలభై మంది పాదాలు ఆ ప్రోగ్రాంలో ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

ఆ మూడొందల నలభైలో ఒకావిడ అప్పుడు షాపులోనే కూర్చుని ఉంది. బస్సు కండక్టరు. ఎడమకాలు మూడు సెంటీమీటర్లు పొట్టి. పోయినేడు మడమ విరిగి అతుక్కున్నాక పాదం ఆకారమే మారింది, పాత బూటు కరుస్తోంది. మొన్న శుక్రవారం బావగారు కొత్త కొలతలు తీసి ఎక్కించాడు. యంత్రం మీద చెక్కదిమ్మ కూడా బిగించి ఉంది.

"ఏవైంది అన్నయ్యగారూ?" అంది కండక్టరు.

"ఏం లేదమ్మా, కొంచెం మొరాయిస్తోంది."

"నాకు పై వారం మంగళవారం దాకానే టైము. డిపో డాక్టరు ముందు నడిచి చూపించాలి. కుంటితే బస్సు దింపి ఆఫీసులో కుర్చీ వేస్తారంట."

"కుర్చీ మంచిదేగా," అన్నాడు బావగారు నవ్వు తెచ్చుకుని.

"పద్దెనిమిదేళ్ళు నిలబడి బతికినదాన్ని అన్నయ్యగారూ. కూర్చోబెడితే చస్తాను."

కుంటుకుంటూ ఆవిడ వెళ్ళిపోయింది. బావగారు కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి ల్యాబక్క ముందు పెట్టాడు. ఆయన నాలుగు తిట్టుంటే బాగుండేదనిపించింది ఆవిడకి. మంచి చేయబోయి చేతులారా ఆయన నోటి దగ్గర కూడు తీసేశాననుకుంది.

సోమవారం మధ్యాహ్నం అన్నం మానేసి ల్యాబు మెట్ల మీద కూర్చుని ఫోన్లు మొదలుపెట్టింది. ప్రోగ్రాంతో వచ్చిన పుస్తకంలోని నంబరుకి చేస్తే పరుపుల కొట్టువాళ్ళు ఎత్తారు. ప్రోగ్రాం తయారుచేసిన కంపెనీ మూతపడి పదకొండేళ్ళయింది. దాన్ని ఒక కంపెనీ కొనుక్కుందట, ఆ కంపెనీని ఇంకోటి మింగిందట. ఆ మింగినదాని నంబరు పట్టుకునేసరికి రెండయింది. అవతల ఓ అమ్మాయి, గొంతు తేనెలా ఉంది.

"ఆ పేరుతో మా జాబితాలో ఏ ప్రోగ్రామూ లేదండీ."

"అయితే మీది కాదన్నమాట. తాళం మేమే తీసేసుకోవచ్చా?"

"మాది కాదని చెప్పలేనండీ."

"పోనీ, మీదేనా?"

"మాదని కూడా చెప్పలేనండీ."

"మరి ఏం చెప్పగలవు తల్లీ?"

"ఫోను చేసినందుకు కృతజ్ఞతలు చెప్పగలనండీ," అంది ఆ అమ్మాయి, నిజంగానే నొచ్చుకుంటూ.

మంగళవారం సాయంత్రం గ్రంథాలయం నేలమాళిగకి వెళ్ళింది. మెట్లకింద గది. పాత పత్రికల కట్టల మధ్య మూడు బల్లలు, వాటి మీద ఆరు పాత కంప్యూటర్లు, గోడకి ఇనప బీరువా. అక్కడ కలిసేది ముగ్గురే. ల్యాబక్క కాక, నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన లిఫ్టు తాత ఒకడు. లాయరు దగ్గర గుమాస్తాగా పనిచేసే సెక్షన్ ఇంకొకడు. ఏ మాటకైనా ఏ సెక్షను కిందికి వస్తుందో చెప్పనిదే ఊరుకోడు గనక ఆ పేరు. ఎప్పటెప్పటివో ప్రోగ్రాములు, ఆటలు, లెక్కలు, బొమ్మలు గీసేవి, ఆ పాత కంప్యూటర్లలో నడుపుతూ మురిసిపోవడమే వాళ్ళ పని. ఏది తెరిచినా ముందు తెర మీద కనిపించే రాసినవాళ్ళ పేర్లని పైకి చదవాలి. అది వాళ్ళ ఆనవాయితీ. ఎవరి కష్టమో తెలియకుండా వాడుకోకూడదని లిఫ్టు తాత పెట్టాడు.

విషయం అంతా విన్నాక తాత జేబులోంచి ఓ డిస్కు తీశాడు.

"దీనికేముంది అమ్మాయ్, మూడు నిమిషాలు. ఆ కాలం తాళాలన్నిటికీ ఇందులో మందుంది."

"అది నేరం తాతా," అన్నాడు సెక్షన్.

"కంపెనీయే లేదు కదరా. ఎవడికి నష్టం?"

"నష్టం లేకపోతే నేరం కాదని ఎక్కడ రాసుంది? తాళం పగలగొట్టడం వేరు, కాపీ వేరు. దేనికి దానికే శిక్ష."

"నువ్వెక్కితే లిఫ్టు కూడా అర్జీ పెట్టుకుని గానీ పైకి పోదురా! అక్కడ ఓ ఆడకూతురి కాలు..."

"కాలు నాకూ తెలుసు. కానీ షాపు అక్క బావగారిది. రేపు ఎవడైనా ఫిర్యాదిస్తే బోర్డు మీద పేరు ఆయనది. మనది కాదు."

ల్యాబక్క వాళ్ళిద్దర్నీ అలా వదిలేసి బయట వరండాలో బావగారికి ఫోను చేసింది. డిస్కు సంగతి చెప్పింది. అవతల సుత్తి చప్పుడు ఆగింది.

"వద్దమ్మా," అన్నాడాయన. "నీ స్నేహితుల్ని తప్పు పట్టట్లేదు. ముప్పై ఏళ్ళు మర్యాదగా వాడుకున్నాను. ఇప్పుడు దొంగతాళంతో నా కొట్టు నేను తెరుచుకోలేను. చేత్తోనే చెక్కడానికి చూస్తా."

"మీ వేళ్ళు..."

"చూస్తానన్నాగా."

ఆవిడకి ఒక్కసారిగా కోపమూ వచ్చింది, మనసు తేలికా పడింది. లోపలికి వచ్చి చెప్పింది. తాత మొహం ముడుచుకుని డిస్కు జేబులో వేసుకున్నాడు. సెక్షన్ గెలిచినట్టు కనిపించలేదు. ఏదో ఆలోచిస్తూ బుర్ర గోక్కున్నాడు.

"అక్కా, కాగితం ఉందా?"

"ఏ కాగితం?"

"కొన్నప్పుడు ఇచ్చే ఒప్పందం. మీ బావగారు కొన్నారు కదా, ఊరికే రాలేదుగా. అందులో ఏం రాసుందో చూడకుండా మనం జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నాం."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? బీరువాలో ఉన్న వందకి పైగా ప్రోగ్రాముల్లో కొన్నది ఒక్కటీ లేదు. ఒకరి దగ్గర ఒకరు కాపీ చేసుకున్నవే అన్నీ. కొన్న వస్తువుకి కాగితం ఉంటుందన్న సంగతే ముగ్గురూ మర్చిపోయారు. లిఫ్టు తాత ముందుగా నవ్వాడు.

బుధవారం పొద్దున్న ఏడింటికే ల్యాబక్క షాపులో ఉంది. బావగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద రెండు చెక్కదిమ్మలు పాడై పడున్నాయి. బొటనవేలికి కట్టు ఉంది. ఆవిడ చూడనట్టు నటించింది, ఆయన దెబ్బ లేనట్టు నటించాడు. కాగితం అటక మీద, బూట్ల అట్టపెట్టెలో దొరికింది. అప్పటికి సెక్షన్ కూడా సైకిలు దిగి వచ్చాడు, ఆఫీసుకి ఆలస్యమైనా ఫరవాలేదని. నిలబడే చదివాడు, వేలు పెట్టుకుని, ఒక్కో వాక్యం రెండేసిసార్లు.

"ఈ యంత్రము పనిచేయునంత కాలము వాడుకొను హక్కు కొన్నవారిది," అని పైకి చదివాడు. "తాళపు సంఖ్యను కోరినప్పుడెల్ల ఉచితముగా ఇవ్వగలము." తలెత్తి చూశాడు. "అక్కా, హక్కుకి గడువే లేదు! గడువు అంకెకి మాత్రమే. అంకె ఇస్తామని మాటిచ్చారు. ఇచ్చేవాళ్ళు లేకపోయారు, అంతే."

"అంటే పదకొండేళ్ళూ నేను..." అన్నాడు బావగారు.

"మీరు దొంగ కాదు, దొర. చట్టం సంగతి పైవాళ్ళు చెప్పాలి గానీ, ఈ కాగితం ప్రకారం మాత్రం ఈ ప్రోగ్రాం నడపడానికి మీకు పూర్తి హక్కుంది."

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

హక్కు ఉంది, అంకె లేదు. పుస్తకం మొదటి పేజీలో రాసినవాళ్ళవి రెండు పేర్లు ఉన్నాయి. ఒకాయన పోయి నాలుగేళ్ళయినట్టు ల్యాబక్కకి మధ్యాహ్నానికి తెలిసింది. రెండోది ఆడపేరు, ఎక్కడా వినని పేరు. అదే మేలయింది. వెతగ్గా వెతగ్గా పురపాలక ఈతకొలను వాళ్ళ ప్రకటనలో దొరికింది. పిల్లలకి ఈత నేర్పే పంతులమ్మ.

షాపులోంచే ఫోను చేసింది. ఎత్తేసరికి అవతల నీళ్ళ చప్పుడు, పిల్లల కేకలు.

"గట్టిగా చెప్పండమ్మా, నీళ్ళలో పద్నాలుగు మంది ఉన్నారు!"

ల్యాబక్క గట్టిగా చెప్పింది. ప్రోగ్రాం పేరు వినగానే అవతల ఎవరినో పిలిచి పిల్లల్ని ఒడ్డుకి ఎక్కించమనడం వినిపించింది.

"అదింకా నడుస్తోందా?" అంది ఆవిడ.

"ఆదివారం దాకా నడిచింది. నేనే తేదీ సరిచేసి చంపేశాను."

జరిగింది విని ఆ పెద్దావిడ పకపకా నవ్వింది. "ఆ తాళం నేనే రాశానమ్మా. వద్దంటే విన్లేదు వాళ్ళు. తాళం రాసినందుకు శిక్షగా అంకెలు చెప్పే ఫోను సీట్లో కూడా నన్నే కూర్చోబెట్టారు. కంపెనీ మూసిన రోజు జీతం ఆపారు గానీ, ఆ సీట్లోంచి లెమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు. యంత్రం నంబరు చదవండి."

ల్యాబక్క చదివింది. అవతల పెన్సిలు గీకుతున్న చప్పుడు.

"లెక్క ఇంకా గుర్తుందా అమ్మా?"

"మనవళ్ళ పుట్టినరోజులు మర్చిపోతాను. ఇది మాత్రం పోదు. రాసుకోండి."

పదకొండు అంకెలు. ల్యాబక్క ఒక్కొక్కటీ కొడుతుంటే బావగారు పక్కన నిలబడి వేలితో సరిచూశాడు. ఆఖరి అంకె కొట్టి మీట నొక్కింది. తెర ఒక్క క్షణం నల్లబడి, పేర్ల జాబితా పైనుంచి కిందికి జలజలా దిగింది. మూడొందల నలభై మంది. బావగారు కండక్టరు పేరు మీద వేలు పెట్టి, ఉందని ల్యాబక్కకి చూపించాడు. తర్వాత ఫోను అందుకుని, "అమ్మా, నా నెత్తిన పాలు పోశారు" అన్నాడు. ఏడుస్తున్నాడని అవతలివాళ్ళకి కూడా తెలిసిపోయింది.

యంత్రం గుర్రుమంటూ చెక్కని తినడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినిపించేలా ఫోను దగ్గర పెట్టమంది పెద్దావిడ.

"ఒకటి అడగనా?" అంది చివరికి. "నాకో కాపీ ఇస్తారా? నా దగ్గర లేదు. బయటికి వచ్చేటప్పుడు కాగితం ముక్క కూడా పట్టుకెళ్ళనివ్వలేదు."

ల్యాబక్కకి సరేనన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కనుక్కుని చెబుతానంది.

సాయంత్రం నేలమాళిగలో సెక్షన్ తలొంచుకుని చెప్పాడు. "కాగితంలో ఒక్క యంత్రానికే అని ఉందక్కా. ఆవిడకి ఇవ్వడానికి లేదు."

"రాసినావిడకే లేదా?" అని తాత బల్ల గుద్దాడు.

"ఆవిడ హక్కులు కంపెనీకి రాసిచ్చేసింది తాతా. నాకు మాత్రం సరదానా?"

ల్యాబక్క బీరువా వంక చూసింది. వందకి పైగా ఉన్నాయి అందులో. ప్రతిదాని మీదా పేర్లు చదువుకుని, మర్యాద చేశామనుకుని తృప్తిపడ్డారు ఇన్నాళ్ళూ. ఆ పేర్లలో ఎంతమంది దగ్గర తమ కాపీ లేదో, ఎవరు ఏ ఈతకొలను ఒడ్డున ఉన్నారో, ఒక్కసారి కూడా వాకబు చెయ్యలేదు. ఆవిడకి సిగ్గేసింది. తాత కూడా అదే ఆలోచిస్తున్నట్టున్నాడు. లేచి వెళ్ళి బీరువాలో పై అరలోంచి ఓ డిస్కు తీసి, దాని మీది పేరుని కాగితం మీద ఎక్కించి, ఆ కాగితాన్ని సెక్షన్ ముందు పెట్టాడు.

"ఈయన ఎక్కడున్నాడో కనుక్కోరా. కోపం వస్తే నా మీద కేసు వేస్తాడు, వేయనీ."

పెద్దావిడకి ల్యాబక్కే ఫోను చేసి చెప్పింది.

"తెలుసమ్మా. సంతకం పెట్టింది నేనేగా. ఆశకొద్దీ అడిగాను."

"మీరు రండి. మేం ఇవ్వలేం గానీ, ఆ యంత్రం మీద అది మీ ఎదురుగా నడుస్తుంది. చూడ్డానికి ఎవరి అనుమతీ అక్కర్లేదట, సెక్షన్ చెప్పాడు."

"నేనెప్పుడూ అది చెక్కడం చూళ్ళేదు," అంది ఆవిడ. "మా గదిలో అంకెలే ఉండేవి. ఒక్క పాదాన్ని కూడా చూళ్ళేదు."

వచ్చే మంగళవారం వస్తానంది.

బావగారు మధ్యలో ఐదు రోజులూ ఇంటికి అన్నానికి తప్ప వెళ్ళలేదు. తోలు నానబెట్టి, చెక్కపాదం మీద లాగి, మేకులు కొట్టి, ఆరబెట్టి, విప్పి, అట్ట అతికించి, మూడు సెంటీమీటర్ల ఎత్తుని బయటికి కనపడకుండా మడమలో దాచాడు. ఆదివారం ల్యాబక్క దారానికి మైనం పట్టించి అందించింది. కుట్టు కుట్టుకీ ఆయన హాయిగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. ఆవిడకి కడుపు నిండిపోయింది. తప్పు చేసింది తనే అయినా, ఎంతమంది ఎంతెంత దూరం నుంచి చెయ్యి అందించారో తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి.

సోమవారం రాత్రి కండక్టరు వచ్చి కొత్త బూట్లు తీసుకెళ్ళింది. మంగళవారం పదకొండింటికి పెద్దావిడ వచ్చింది. పొట్టిగా తెల్లగా కత్తిరించిన జుట్టు, భుజానికి సంచి, నీళ్ళలో నానీ నానీ ముడతలు పడ్డ వేళ్ళు. బావగారు కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ కూర్చోలేదు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, తెర ముందు నిలబడింది. ముట్టుకోవచ్చా అని కళ్ళతోనే అడిగి, జాబితాని కిందికీ పైకీ తిప్పింది.

"ఇక్కడో తప్పుండేది. రెండో పేజీకి వెళ్తే మొదటి పేరు రెండుసార్లు వచ్చేది."

"ఇప్పటికీ వస్తుంది," అన్నాడు బావగారు.

"క్షమించండి."

"భలేవారే! మా పెద్ద కస్టమరు పేరది. రెండుసార్లు వస్తే ఆయనకి గౌరవం అనుకున్నా."

వాళ్ళు నవ్వుతూ, బావగారు ఆవిడ చూసేలా యంత్రం మీద ఓ చెక్కపాదం చెక్కిస్తుండగానే కండక్టరు వచ్చింది. డిపో నుంచి నేరుగా, యూనిఫారంలోనే. గుమ్మంలో ఆగి ఇద్దరు ఆడవాళ్ళనీ బావగార్నీ చూసింది. మొహం వెలిగిపోతోంది.

"డాక్టరు మూడుసార్లు నడిపించాడు అన్నయ్యగారూ. ఆ చివర్నుంచి ఈ చివరికి. ఆఖర్న కాగితం చూసుకుని, ఇంతకీ ఏ కాలమ్మా అని అడిగాడు!"

బావగారు బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "ఏ కాలమ్మా అన్నాడా?"

"నా కడుపున పుట్టినవాడు కాదు గానీ, ముద్దు పెట్టుకుందామనిపించింది."

ల్యాబక్క పెద్దావిణ్ణి చూపించి ఎవరో చెప్పింది. కండక్టరు చేతులు జోడించబోతే పెద్దావిడ ఆ చేతులు కిందికి దించేసింది.

"ఒక్కసారి పాదం చూపిస్తావా తల్లీ?"

కండక్టరు బూటు విప్పి, కాలు పీట మీద పెట్టింది. పెద్దావిడ నేల మీద చతికిలబడి ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మడమ దగ్గర అతుక్కున్న ఎముక మీద బొటనవేలు ఆనించి, మెల్లగా వేళ్ళ దాకా తడుముకుంటూ వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. "వెచ్చగా ఉంది," అంది, తనలో తనే. తర్వాత బూటు తనే తొడిగి, తాడు తనే కట్టింది.

నాలుగింటికి పెద్దావిడ తిరుగు ప్రయాణం. ల్యాబక్క దింపడానికి బయల్దేరింది. వచ్చిన బస్సు కండక్టరుదే, మధ్యాహ్నం డ్యూటీ. ఆడవాళ్ళకి ముందు సీటు ఖాళీ చేయించి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. తర్వాత అందరి దగ్గరికీ వెళ్ళినట్టే వాళ్ళ దగ్గరికీ వచ్చింది.

"టికెట్టు లేకుండా తీసుకెళ్ళలేనమ్మా. మీరైనా సరే. రూలు."

"అయ్యో, తీసుకుంటాను, ఉండు," అని పెద్దావిడ సంచి వెతుక్కుంది.

ఈలోపు కండక్టరు రెండు టికెట్లు కొట్టేసింది. తన చొక్కా జేబులోంచి డబ్బులు తీసి తోలుసంచిలో వేసి, టికెట్లు వాళ్ళ చేతుల్లో పెట్టింది.

"ఇదేంటమ్మా, నువ్వు కట్టడమేంటి?"

"డబ్బు ఎవరు కట్టాలో రూల్లో లేదమ్మా," అని కండక్టరు ముందుకి సాగింది.

పెద్దావిడ ఆ టికెట్టుని నాలుగు వేళ్ళతో సాపు చేసి కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుంది. ల్యాబక్క కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. బస్సు పెద్ద మలుపు తిరిగింది. నిలబడ్డవాళ్ళందరూ పక్కకి ఒరిగి కడ్డీలు పట్టుకున్నారు. నడవ మధ్యలో కండక్టరు రెండు చేతులతో చిల్లర లెక్కపెడుతూ, దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంది.